అరుగని ఆహారము చేయు మేలు

తిన్నది అరిగిననే బలమనియు, అరుగనిది కడుపునకు భారమనియు మన పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో చాలవఱకు సత్యము కలదు. కాని మన ఆహారమునందు మన జీర్ణరసములకు లొంగక, నోటినుండి పెద్దప్రేగు వఱకు పయనించు భాగమొకటి యున్నది. దానికి పీచు అని పేరు. అరుగని ఈ పదార్థము వలన ప్రయోజనమేమి? అది లేకున్న నష్టమేమి? గడ్డి మేయు ఆవునకు, అన్నము తిను మనకు దీనితో గల సంబంధమెట్టిది? ఈ పాఠమున ఆ విషయములను తెలిసికొందము.

చిక్కుడుకాయ ఒలుచునప్పుడు దాని అంచున వచ్చు నారను, మునగకాయ నమిలి ఉమిసిన పిప్పిని మీరెల్లరు చూచియుందురు. అది పీచే. అయితే కంటికి నారవలె కనబడునది మాత్రమే పీచు కాదు. మొక్కలోని ప్రతి కణము చుట్టును ఒక గోడ కలదు. ఎముకలు లేని మొక్క నిటారుగా నిలువగలుగుటకు ఈ గోడలే ఆధారము. ఈ గోడలలో ముఖ్యమైన పదార్థము సెల్యులోజు. 1838వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్ దీనిని వేఱుపఱచి గుర్తించెను. మనము ధరించు నూలుబట్టలోని పోగు ఇంచుమించుగా సెల్యులోజే.

ఇచ్చట ఒక వింత కలదు. బియ్యములోని పిండిని పూర్తిగా విడగొట్టినచో తుదకు లభించునది గ్లూకోజు అను చక్కెర. గడ్డిలోని సెల్యులోజును విడగొట్టినను లభించునది ఆ గ్లూకోజే. ఒకే రకపు ఇటుకలతో రెండు కట్టడములు కట్టినట్లు ప్రకృతి ఈ రెంటిని నిర్మించినది. భేదమంతయు ఇటుకను ఇటుకతో కూర్చిన తీరులో నున్నది. పిండిలోని కూర్పును విప్పగల ఎంజైములు మన లాలాజలములోను, చిన్నప్రేగులోను కలవు. సెల్యులోజు కూర్పును విప్పగల ఎంజైము మనకు లేదు. ఒక తాళమునకు చేసిన చెవి మఱియొక తాళమును తీయనట్లు, అన్నమును అరిగించు రసములు గడ్డిని అరిగింపజాలవు. కావుననే కరవు కాలమున గడ్డివామి ప్రక్కనే యున్నను మనుష్యుడు ఆకలితో బాధపడవలసినదే.

మఱి ఆవు గడ్డి తిని పాలెట్లిచ్చుచున్నది? ఆవునకు మాత్రము ఆ ఎంజైము కలదా యందురేమో! లేదు. ఆవు గాని, గుఱ్ఱము గాని, ఏనుగు గాని సెల్యులోజును విడగొట్టు ఎంజైమును స్వయముగా తయారుచేసికొనలేవు. ఆ పని చేయుటకు అవి తమ శరీరములో కంటికి కనబడని కోట్లకొలది సేవకులను పోషించుచున్నవి. ఆ సేవకులే సూక్ష్మజీవులు.

ఆవు కడుపున నాలుగు గదులు కలవు. అందు మొదటిదియు, అన్నిటికంటె పెద్దదియు రూమెన్ అనబడును. పెద్ద ఆవులలో ఇది నూఱు లీటర్లకు పైగా పట్టగల తొట్టి. ఆవు మేయునప్పుడు గడ్డిని సరిగా నమలక మ్రింగి ఈ గదిలో నింపుకొనును. పిమ్మట నీడపట్టున పరుండి, ఆ గడ్డినే ముద్దముద్దగా నోటిలోనికి తెచ్చుకొని తీరికగా నమలును. దీనినే నెమరువేయుట యందుము. ముతకమేత బాగుగా తిను ఆవు దినమునకు ఇంచుమించు ఎనిమిది గంటల కాలము నెమరువేయుటలోనే గడపును. అట్లు నమలునప్పుడు పెద్ద ఆవు నోటిలో నూఱు లీటర్ల వఱకును, కొన్నిమార్లు అంతకు మించియు లాలాజలము ఊరును. ఈ లాలాజలములో సోడాఉప్పు వంటి క్షారము కలదు. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

రూమెన్ లోపల చీకటి, గాలి ఆడదు, వెచ్చదనము ఎల్లప్పుడు 39 డిగ్రీల సెంటిగ్రేడునకు దరిదాపుగా నుండును. సూక్ష్మజీవులకు ఇంతకంటె తగిన నివాసము లేదు. ఆ ద్రవములో ఒక మిల్లీలీటరునందు ఇంచుమించు వేయికోట్ల బాక్టీరియాలు ఉండును. వానికి తోడుగా ప్రోటోజోవాలు అను ఏకకణజీవులును, బూజుజాతి జీవులును కలవు. 1843లో గ్రూబీ, డెలాఫో అను ఇరువురు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో పరిశీలించి, నెమరువేయు జంతువుల కడుపులో ప్రోటోజోవాలున్నట్లు తెలిపిరి. నేటి పశువైద్య పరిశోధనాలయములలో ఆవు డొక్కకు చిన్న ద్వారము చేసి, దానికి రబ్బరు మూత బిగించి, లోపలి ద్రవమును కావలసినప్పుడు తీసి పరీక్షించుచున్నారు. అట్టి ఆవు మామూలుగా మేయుచు, నెమరువేయుచు జీవించును.

ఈ సూక్ష్మజీవులు సెల్యులోజును విడగొట్టి తమ పొట్ట నింపుకొనును. ఆ పనిలో ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అను ఆమ్లములు పుట్టును. ఇవి రూమెన్ గోడ గుండ నెత్తురులోనికి పోవును. ఆవునకు కావలసిన శక్తిలో మూడింట రెండు వంతులో, అంతకంటె కొంత ఎక్కువో ఈ ఆమ్లముల వలననే లభించును. వీనిలో ఎసిటిక్ ఆమ్లము పాలలోని వెన్నకు ముఖ్యమైన ముడిసరకు. కనుకనే గడ్డి తగ్గించి దాణా మాత్రమే పెట్టినచో పాలలో వెన్నశాతము పడిపోవును. ఇంతటితో ఆ సూక్ష్మజీవుల సేవ ముగియలేదు. అవి గడ్డితో పాటు నాలుగవ గదికి కొట్టుకొనిపోయి అచ్చట తామే అరిగి, ఆవునకు మాంసకృత్తులుగా మారును. బ్రతికినన్నాళ్ళు వంటవాండ్రుగను, చచ్చినపిమ్మట భోజనముగను అవి ఆవునకు ఉపయోగపడుచున్నవి.

అప్పుడే పుట్టిన దూడకు ఈ ఏర్పాటు సిద్ధముగా నుండదు. దాని రూమెన్ మిక్కిలి చిన్నది. దూడ పాలు త్రాగునప్పుడు అన్నవాహిక చివర ఒక గాడి ముడుచుకొని గొట్టమువలె నగును. పాలు రూమెన్‌లో పడక తిన్నగా నాలుగవ గదికి చేరును. దూడ తల్లి ప్రక్కన నిలిచి గడ్డిపరకలు కొఱుకుట నేర్చిన కొలదియు సూక్ష్మజీవులు చేరి, గది పెద్దదై, నెమరువేయుట ఆరంభమగును.

పీచును అరిగించుకొనుటకు ప్రకృతి చూపిన మార్గము ఇది యొక్కటే కాదు. గుఱ్ఱమునకు కడుపు ఒకటే గది. చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలియు చోట గల పెద్ద సంచిలోను, పెద్దప్రేగులోను దాని సూక్ష్మజీవులు నివసించును. ఆహారము తుది దశలో వాని చేతికి చిక్కుటచే గడ్డి ఆవులో అరిగినంతగా గుఱ్ఱములో అరుగదు. ఆవుపేడను, గుఱ్ఱపులద్దిని పోల్చి చూచినచో లద్దిలో గడ్డిముక్కలు స్పష్టముగా కనబడుట మీరు గమనింపవచ్చును. కుందేలు మఱియొక ఉపాయము కనుగొన్నది. అది మెత్తని గుళికలుగా విసర్జించిన దానిని వెంటనే తిరిగి తిని, సూక్ష్మజీవులు తయారుచేసిన సారమును రెండవమారు గ్రహించును. ఏనుగు దినమునకు నూటయేబది కిలోగ్రాముల వఱకు మేత తిని, అందు సగమునైనను అరిగించుకొనజాలదు. ఆ పెంటలో మిగిలిన నారతో కాగితము కూడ చేయుచున్నారు. మన తలుపులను, పుస్తకములను తినివేయు చెదపురుగులను గూర్చి 1920ల దశాబ్దమున అమెరికా శాస్త్రజ్ఞుడు క్లీవ్‌లాండ్ ఒక ప్రయోగము చేసెను. చెదపురుగుల ప్రేగులలోని ప్రోటోజోవాలను మాత్రము నశింపజేసి, వానిని కొయ్యపైననే విడిచెను. అవి కొయ్యను తినుచునే యుండెను; కాని అది అరుగక ఆకలితో చచ్చెను.

పీచు ఇంతటి ముఖ్యమైనదైనప్పుడు అది తగ్గినచో ఏమి జరుగును? దీనికి మన పల్లెలలో దురదృష్టవశమున తఱచుగా నిదర్శనములు దొరకుచుండును. నేను ఉపాధ్యాయుడనుగా నుండిన యొక గ్రామములో ఒక ఇంట పెండ్లి జరిగినది. మఱునాడు మిగిలిన అన్నమును పాఱవేయ మనసొప్పక, ప్రక్కయింటి రైతు రెండు గంపలు తెచ్చి తన పాడిగేదె ముందు పోసెను. గేదె ఆశగా తినెను. సాయంకాలమునకు నెమరు మానినది. రాత్రికి డొక్క ఉబ్బి, నిలువలేక పడిపోయినది. పశువైద్యుడు వచ్చునప్పటికి తెల్లవాఱినది.

"అయ్యా! గడ్డికంటె అన్నము శ్రేష్ఠము గదా! మంచిదనియే పెట్టితిని" అని రైతు కన్నీరు పెట్టుకొనెను.

"అన్నము మీకు మంచిదే. దాని కడుపులోని పురుగులకు గడ్డి మంచిది. గంపెడన్నము దానికి విషమైనది" అని వైద్యుడు బదులు చెప్పి, చేయగలిగిన చికిత్సయెల్ల చేసెను. ఆ దినము మధ్యాహ్నము గేదె ప్రాణము విడిచినది. ఆ పాలు అమ్మి ఇల్లు గడుపుకొను కుటుంబమది.

వైద్యుడు చెప్పినదానిలోని శాస్త్రమిది. అన్నములోని పిండి గడ్డివలె మెల్లమెల్లగా కాక, మిక్కిలి వేగముగా పులియును. పిండిని తిను కొన్ని బాక్టీరియాలు ఒక్కమారుగా పెరిగి లాక్టిక్ ఆమ్లమును విస్తారముగా పుట్టించును. అన్నమునకు నమలు పని లేదు, నెమరు లేదు. కనుక ఆమ్లమును విఱుచు లాలాజలము ఊరదు. పులుపు పెరిగినకొలది గడ్డిని అరిగించు సూక్ష్మజీవులు చచ్చును. ఆమ్లము శరీరములోని నీటిని రూమెన్ లోనికి లాగును. నెత్తురులో చేరి దానిని చెఱచును. కావున పెండ్లిలోను, పండుగలోను మిగిలిన అన్నమును, పిండివంటలను పశువుల ముందు గుట్టగా పోయరాదు. పశువు పొరపాటున ధాన్యపు బస్తాను తినినను ఇదే అపాయము. మేత ఆపి వెంటనే పశువైద్యుని పిలువవలెను. తొలి గంటలలో చికిత్స జరిగినచో పశువు బ్రతుకవచ్చును. దాణా పెంచదలచినప్పుడు కొన్ని దినములుగా కొంచెము కొంచెముగా పెంచవలెను. అప్పుడు సూక్ష్మజీవులు క్రొత్త ఆహారమునకు అలవాటుపడును.

ఇక మన శరీరమునకు వత్తము. మనము నెమరువేయు జంతువులము కాము. మన చిన్నప్రేగు పొడవు ఇంచుమించు ఆఱు మీటర్లు; పెద్దప్రేగు పొడవు ఒకటిన్నర మీటరు. తిన్న ఆహారములో అరుగదగినదంతయు చిన్నప్రేగులో అరిగి నెత్తురులో కలియును. పీచు మాత్రము పెద్దప్రేగును చేరును. అచ్చట మనకును సేవకులు సిద్ధముగా నున్నారు. 2016లో ఇజ్రాయెలు, కెనడా దేశముల శాస్త్రజ్ఞులు లెక్కించినదానిని బట్టి డెబ్బది కిలోగ్రాముల బరువుగల మనుష్యునిలో ఇంచుమించు 38 లక్షల కోట్ల బాక్టీరియాలుండును. ఇది మన శరీరములోని స్వంత కణముల సంఖ్యకు సమీపమైన సంఖ్య. వానిలో అత్యధిక భాగము పెద్దప్రేగులోనే నివసించును.

ఈ బాక్టీరియాలు ఆవు రూమెన్‌లోనివాని వలెనే పీచులో కొంతభాగమును పులియబెట్టి, ఆ మూడు ఆమ్లములనే పుట్టించును. వీని వలన మనకు వచ్చు శక్తి స్వల్పమే. కాని బ్యుటిరిక్ ఆమ్లము పెద్దప్రేగు లోపలి పొరలోని కణములకు ముఖ్యాహారము. మన శరీరములోని తక్కిన కణములు నెత్తురు తెచ్చు ఆహారముపై ఆధారపడగా, ఈ కణములు బాక్టీరియాలు వండి పెట్టినదానిని తినుచున్నవి. మనము పీచు తినకున్నచో వానికి కొఱత కలుగును. అంతియే కాదు. పీచు దొరకనప్పుడు కొన్ని బాక్టీరియాలు ప్రేగు గోడను కాపాడు జిగురుపొరనే తినసాగునని ఎలుకలపై జరిపిన ప్రయోగములలో తేలినది. సేవకులకు కూలి ఇయ్యనిచో ఇంటి కప్పు పెంకులనే ఊడబెఱికినట్లున్నది గదా! ప్రకృతి ఈ సేవకులను ఎంతగా గౌరవించినదో చూడుడు: తల్లిపాలలో శిశువునకు అరుగని కొన్ని చక్కెరలు కలవు. అవి శిశువు కొఱకు కాక, శిశువు ప్రేగులలో చేరిన మేలుచేయు బాక్టీరియాల కొఱకు ఉద్దేశింపబడినవి.

పీచులో రెండు విధములు కలవు. మెంతులను, సబ్జా గింజలను నీట నానవేసినచో జిగురుగా నగుట మీ ఇంటిలో చూచియుందురు. ఇది నీటిలో కరగి జిగురగు పీచు. పప్పుదినుసులలోను, జామ మొదలగు పండ్లలోను కూడ ఇది కలదు. ఇది ఆహారములోని చక్కెర నెత్తురులో ఒక్కమారుగా చేరకుండ నెమ్మదింపజేయును; పైత్యరసమును పట్టుకొని బయటికి గొనిపోవుట వలన కొలెస్టరాలును కొంత తగ్గించును. రెండవది నీట కరగని పీచు. తవుడులోను, ఆకుకూరల ఈనెలలోను, గింజల పైపొరలలోను ఇది హెచ్చు. ఇది నీటిని పట్టియుంచి మలమును మెత్తగను, పరిమాణములో ఎక్కువగను చేసి ముందునకు నడిపించును. మలబద్ధకమునకు ఇది సహజమైన ఔషధము.

'ఆహారపు పీచు' అను అర్థమిచ్చు పేరును 1953లో ఆస్ట్రేలియా వైద్యుడు హిప్స్‌లీ మొదట వాడెను. అయినను వైద్యలోకము దానిని చాలకాలము లెక్కచేయలేదు. పోషకవిలువ లేని పిప్పియని త్రోసివేసిరి. ఆ యభిప్రాయమును మార్చినవారిలో ముఖ్యుడు డెనిస్ బర్కిట్. ఈయన 1911లో ఐర్లండులో జన్మించెను. బాల్యముననే ఒక కన్ను పోయినను శస్త్రవైద్యుడై, ఆఫ్రికాలోని ఉగాండాలో పెక్కేండ్లు పనిచేసెను. ఆంగ్లేయులలో సర్వసామాన్యమైన కొన్ని ప్రేగువ్యాధులు ఆ పల్లెప్రజలలో అరుదుగా నుండుట ఆయన గమనించెను. 1972లో ఆయనయు, ఆయన మిత్రులును కలిసి ఒక పరిశీలనను ప్రకటించిరి. పీచు హెచ్చుగా తిను ఆఫ్రికా పల్లెప్రజలలో ఆహారము శరీరమును దాటిపోవుటకు ఇంచుమించు ఒకటిన్నర దినము పట్టెను. తెల్లరొట్టెకు అలవాటుపడిన ఆంగ్లేయులలో మూడు దినములకు పైగా పట్టెను. బర్కిట్ ఊహించిన ప్రతి సంగతియు పిమ్మట నిలిచినదని చెప్పరాదు. కాని పీచు అవసరమను మూలసూత్రము నిలిచినది.

దానికి 2015లో ప్రకటింపబడిన ఒక ప్రయోగము మంచి నిదర్శనము. అమెరికాలో నివసించు ఆఫ్రికా సంతతివారిని ఇరువదిమందిని, దక్షిణాఫ్రికా పల్లెవాసులను ఇరువదిమందిని ఎన్నుకొని, రెండు వారముల పాటు వారి భోజనములను తారుమారు చేసిరి. వారికి వీరి పీచుగల ఆహారము, వీరికి వారి కొవ్వు హెచ్చైన ఆహారము పెట్టిరి. రెండు వారములలోనే అమెరికావారి పెద్దప్రేగులో వాపు లక్షణములు తగ్గి, బ్యుటిరిక్ ఆమ్లము పెరిగినది. ఆఫ్రికావారిలో దీనికి విరుద్ధముగా జరిగినది. ప్రేగుల క్షేమము పూర్వులనుండి వచ్చిన రక్తముపై మాత్రమే కాక, దినదినము కంచములో వడ్డించుకొను దానిపై కూడ ఆధారపడునని దీనివలన స్పష్టమైనది.

ఇప్పుడు మన కంచములను చూచుకొందము. పూర్వము మన ఇండ్లలో వడ్లను రోటిలో దంచెడివారు. పైతవుడు కొంత గింజనంటియే యుండెడిది. మరలు వచ్చిన పిమ్మట బియ్యము మల్లెపూవువలె తెల్లనైనది. తవుడు పశువుల కుడితితొట్టిలోనికి పోయినది. రాయలసీమలో రాగిసంకటి, తెలంగాణమున జొన్నరొట్టె, మెట్టప్రాంతముల సజ్జ, కొఱ్ఱ అన్నములు బీదల తిండియని చులకనకు గురియైనవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను చూచినచో ఈ చులకన ఎంత అవివేకమో తెలియును. నూఱు గ్రాముల మరబియ్యములో పీచు సుమారు 3 గ్రాములు, ముడిబియ్యములో 4 గ్రాములకు కొంచెము పైగా, జొన్నలలో 10, రాగులలోను, సజ్జలలోను, పొట్టుతోడి గోధుమపిండిలోను సుమారు 11. మైదాపిండిలో మాత్రము తిరిగి 3 గ్రాములకు లోపే. బిస్కత్తులు, సేమ్యావంటి నూడిల్సు, అంగడి రొట్టె ఈ మైదాతోనే చేయబడుచున్నవి. పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసము బలవర్ధకములే గాని, వానియందు పీచు లేశమైనను లేదు. పీచు మొక్కలనుండియే రావలెను.

పది సంవత్సరములు నిండినవారందఱు దినమునకు కనీసము 25 గ్రాముల పీచును, 400 గ్రాముల కూరగాయలను పండ్లను తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించినది. దీనికి ఖరీదైన పొడులతో పనిలేదు. ఒక పూట జొన్నరొట్టెయో, రాగిసంకటియో, పప్పుతో కలిపి వండిన తోటకూర, ఒక వేపుడు కూర, చేతికందిన జామకాయ — వీనితోనే అధికభాగము సమకూరును. పండును పిండి రసము త్రాగుటకంటె పండునే తినుట మేలు. రసము తీయునప్పుడు పీచు పిప్పితో పోవును.

అయితే మేలని విన్నంతనే ఒక్కమారుగా హెచ్చించుటయు తగదు. గేదె విషయమున చెప్పిన సూత్రమే మనకును వర్తించును. ప్రేగులలోని సూక్ష్మజీవులకు అలవాటుపడుటకు వ్యవధి కావలెను. లేనిచో కడుపుబ్బరము కలుగును. పీచుతోపాటు తగినంత నీరు త్రాగకున్నచో మలబద్ధకము తగ్గుటకు బదులు పెరుగవచ్చును. ప్రేగువ్యాధులున్నవారు వైద్యుని సలహా పొందవలెను. పసిపిల్లల చిన్ని కడుపును పీచుతో నింపినచో వారికి కావలసిన తక్కిన ఆహారమునకు చోటుండదు.

విద్యార్థులారా! పశువులున్న ఇంటివారు ఈ పాఠములోని విషయమును మీ తల్లిదండ్రులకు చెప్పుడు. మీ వీథిలో విందు జరిగిననాడు మిగిలిన అన్నము పశువుల తొట్టిలో పడకుండ చూడుడు. ఆహారమును ప్లాస్టికు సంచిలో కట్టి వీథిలో పాఱవేయకుడు. ఆవు సంచితో సహా మ్రింగును, ఆ సంచి రూమెన్ నుండి ఎన్నటికిని బయటపడదు. ఇక మీ విషయమున, వసతిగృహములో వడ్డించిన ఆకుకూరను కంచము అంచునకు నెట్టివేయునప్పుడు ఒక్క క్షణమాలోచింపుడు. అది మీకు అరుగకపోవచ్చును. కాని దానికై ఎదురుచూచు ప్రాణులు మీ లోపల కోట్లకొలది కలవు. వాని ఆకలి తీర్చుట మీ ఆరోగ్యమును కాపాడుకొనుటయే.